పెరూ దర్శకుడు ఫ్రాన్సిస్కో లొంబార్డి: ఆయన నవలల దర్శకుడేనా, ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

పెరూ నవలాకారుడు మారియో వర్గాస్ యోసా నవలలు ఇంగ్లీషులో చదివానని, వాటిలో రెండింటిని సినిమాలుగా తీసిన ఫ్రాన్సిస్కో లొంబార్డి గురించి తెలుసుకోవాలని ఉందని రాశారు. ఆయన ఎవరు, నవలల్ని తెరకెక్కించడం తప్ప సొంతంగా చెప్పిందేమైనా ఉందా, ఏ సినిమాతో మొదలుపెడితే బాగుంటుంది అన్నవి మీ ప్రశ్నలు. చాలాకాలంగా ఫిల్మ్ సొసైటీల్లో లాటిన్ అమెరికా సినిమాలు వేస్తూ, వాటి మీద మాట్లాడుతూ వస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు రెండో ప్రశ్న. ఆయన సినిమాల్లో చాలావాటికి నవలలే ఆధారం, అది నిజం. వర్గాస్ యోసా, దొస్తొయెవ్‌స్కీ, హైమే బైలీ, చిలీ రచయిత ఆల్బెర్తో ఫుగెత్, అలోన్సో క్వేతో, ఇలా ఎందరి పుస్తకాలో తీశారు. కానీ ఎవరి పుస్తకం పట్టుకున్నా, అసలు పుస్తకమే లేకపోయినా, ఆయన ముఖ్యమైన సినిమాల్లో తిరిగి తిరిగి కనిపించే సంగతి ఒకటుంది. తలుపులు మూసిన ఒక చోటు. బారక్సు, జైలు, గోదాము, కొండమీది ఠాణా, ఏదైనా కావచ్చు. అక్కడ ఒక పైవాడి మాట చెల్లుతుంది. ఆ మాట తప్పని తెలిసిన కిందివాడొకడు ఉంటాడు. వాడు నోరు విప్పుతాడా, విప్పడా? లొంబార్డి సొంత విషయం ఇదే. ఈ ఒక్కటీ మనసులో పెట్టుకుని చూస్తే, పైకి సంబంధం లేనట్టుండే సినిమాలు ఒక వరసలోకి వస్తాయి.

ఆయనది తాక్నా. పెరూ దక్షిణపు కొసన, చిలీ సరిహద్దులో ఉండే ఊరు. దాదాపు అర్ధ శతాబ్దం చిలీ చేతిలో ఉండి, 1929లో తిరిగి పెరూకి వచ్చింది. 1940ల చివర్లో ఆయన అక్కడ పుట్టారు. సినిమా చదువు కోసం అర్జెంటీనాలోని శాంతా ఫే వెళ్లారు. ఫెర్నాందో బిర్రి స్థాపించిన బడి అది. కెమెరా పట్టుకుని వీధిలోకి, పేటల్లోకి వెళ్లాలన్నది ఆ బడి సిద్ధాంతం. తర్వాత లీమా విశ్వవిద్యాలయంలో చదివారు. అదే కాలంలో 'ఆబ్లెమోస్ దె సీనె' అనే పత్రికలో సమీక్షలు రాసేవారు. 1965లో లీమాలో విద్యార్థులు మొదలుపెట్టిన పత్రిక అది. అందులో రాసేవాళ్లు హాలీవుడ్ కథనాన్ని శ్రద్ధగా చదువుకున్నవాళ్లు. అప్పట్లో పెరూలో పేరున్న దర్శకుడు ఆర్మాందో రోబ్లెస్ గొదోయ్. కాలాన్ని ముక్కలు చేసి, ప్రతీకలతో సినిమా తీసేవాడు. ఈ కుర్రాళ్లకి ఆ పద్ధతి నచ్చేది కాదు. లొంబార్డి సినిమాల్లో కథ తిన్నగా నడవడం, కెమెరా తన పనితనాన్ని ప్రదర్శించుకోకపోవడం చూసి "పాత పద్ధతి" అని కొట్టిపారేసేవాళ్లుంటారు. అది చేతకాక చేసింది కాదు. సమీక్షకుడిగా ఉన్నప్పుడే ఎంచుకున్న దారి అది.

సినిమా పరిశ్రమ అంటూ లేని దేశంలో ఒక కుర్రవాడు దర్శకుడు ఎలా అయ్యాడన్నది కూడా చెప్పాలి. 1972లో హువాన్ వెలాస్కో సైనిక ప్రభుత్వం 19327 నంబరు చట్టం తెచ్చింది. దేశంలో తీసిన సినిమాను థియేటర్లు తప్పనిసరిగా వేయాలి. టికెట్ మీద వసూలయ్యే వినోదపు పన్నులో కొంత తీసినవాళ్లకి తిరిగి ఇస్తారు. పెద్ద సినిమాకి ముందు వేసే చిన్న చిత్రాలకీ ఇది వర్తించేది. దాంతో లఘుచిత్రాలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. వాటిలో నాసిరకం చాలానే ఉంది. కానీ కెమెరామెన్, ఎడిటర్లు, సౌండ్ వాళ్లు చెయ్యి తిరిగింది వాటి మీదే. లొంబార్డి కూడా లఘుచిత్రాలతోనే పని నేర్చుకున్నారు. 1992 డిసెంబరులో అధ్యక్షుడు ఫుజిమోరి ప్రభుత్వం ఆ వెసులుబాట్లను రద్దు చేసింది. ఆ దెబ్బ గురించి తర్వాత వస్తాను.

మొదటి పెద్ద సినిమా 'మ్వెర్తె అల్ అమనెసెర్' (తెల్లవారుజామున చావు), 1977. ఒక పసివాణ్ణి చంపాడని హోర్హె వియానువెవా అనే పేదవాణ్ణి 1957లో లీమాలో కాల్చి చంపారు. పత్రికలు అతనికి 'రాక్షసుడు' అని పేరు పెట్టాయి. ఆ కేసులో ఒక మిఠాయివాడి సాక్ష్యం కీలకం. వియానువెవా నిర్దోషేమోనన్న అనుమానం ఇప్పటికీ పెరూలో పోలేదు. లొంబార్డి ఆ నేరాన్ని తవ్వలేదు. శిక్ష అమలు జరిగే వేళకి అక్కడ చేరిన అధికారులను పట్టుకున్నారు. అందరికీ తలా ఒక పని ఉంది. ఎవరి పని వాళ్లు సక్రమంగా చేస్తే తెల్లవారేసరికి ఒక మనిషి చచ్చిపోతాడు. మొదటి సినిమాలోనే ఆయన విషయం ఆయనకి దొరికిపోయింది.

1980లో తీసిన 'మ్వెర్తె దె ఉన్ మగ్నాతె' కూడా నిజంగా జరిగిన కేసే. లూయిస్ బాంకెరో రోస్సి చేపల పొడి వ్యాపారంలో దేశంలోకెల్లా పెద్ద ధనవంతుడు. ఆయనదీ తాక్నాయే. 1972 జనవరి 1న చాక్లకాయోలోని తన విడిది ఇంట్లో హత్యకు గురయ్యాడు. తోటమాలి కొడుకును పట్టుకున్నారు. వెనక పెద్దవాళ్లెవరో ఉన్నారని దేశమంతా అనుకుంది. సినిమాలో పేర్లు మార్చారు కానీ చూసినవాళ్లందరికీ ఎవరి కథో తెలుసు. 1983లో వచ్చిన 'మరూహా ఎన్ ఎల్ ఇన్‌ఫియెర్నో' లీమా శివారులో సీసాలు కడిగే గోదాములో జరుగుతుంది. మతిస్థిమితం లేని దిక్కులేనివాళ్లను పట్టుకొచ్చి అక్కడ వెట్టిచాకిరీ చేయిస్తుంటారు. ఎన్రికె కొంగ్రాయిన్స్ నవల దీనికి ఆధారం. స్క్రీన్‌ప్లేలో హోసె వతనాబె చెయ్యి ఉంది. జపాన్ నుంచి వలస వచ్చిన తండ్రికి పుట్టిన వతనాబె, పెరూ గొప్ప కవుల్లో ఒకడు. మాటల్లో పొదుపు ఆయన కవిత్వంలో ఎంతుందో స్క్రీన్‌ప్లేల్లోనూ అంతే ఉంటుంది.

మీరు చదివిన నవల దగ్గరికి వద్దాం. 'లా సియుదాద్ ఇ లోస్ పెర్రోస్' (నగరం, కుక్కలు) నవల 1963లో వచ్చింది, సినిమా 1985లో. దీనికీ వతనాబె రాశాడు. నవలలో గొంతులు మారుతుంటాయి, కాలం ముందుకీ వెనక్కీ పోతుంది, ఎవరు మాట్లాడుతున్నారో చివరిదాకా తేలని భాగాలుంటాయి. సినిమాలో అవన్నీ పోయాయి. లియోన్సియో ప్రాదో సైనిక పాఠశాల గోడల మధ్య, ఒక వరసలో కథ నడుస్తుంది. నవల ఇష్టపడ్డవాళ్లకి మొదట ఇది లోటుగానే అనిపిస్తుంది. మీకూ అనిపించవచ్చు.

కానీ పోగొట్టుకున్నదానికి బదులు ఏం దొరికిందో చూడండి. రాత్రిపూట బారక్సులో పాచికలు వేస్తారు. ఎవరి వంతు పడితే వాడు వెళ్లి కెమిస్ట్రీ పరీక్ష పేపరు దొంగిలించాలి. వంతు కావా అనే కొండప్రాంతపు కుర్రాడికి పడుతుంది. కంగారులో కిటికీ అద్దం పగలగొడతాడు. దొంగ ఎవరో తేలేదాకా ఆ రాత్రి కాపలా ఉన్నవాళ్లకి సెలవు దినాల్లో బయటికి వెళ్లే వీలుండదు. అందరూ కొట్టి హింసించే 'బానిస' అనే కుర్రాడు, ఒక అమ్మాయిని చూడాలన్న ఆశతో, తట్టుకోలేక పేరు చెప్పేస్తాడు. కొన్నాళ్లకి ఫైరింగ్ శిక్షణలో వాడి తలకి తూటా తగులుతుంది. చంపింది 'హగ్వార్' అనే తోటి విద్యార్థేనని ఆల్బెర్తో అనే కవి కుర్రాడు లెఫ్టినెంట్ గాంబోవాకి ఫిర్యాదు చేస్తాడు. గాంబోవా నియమానికి కట్టుబడ్డ మనిషి, దర్యాప్తు జరగాలంటాడు. కల్నల్‌కి మాత్రం పాఠశాల పరువు ముఖ్యం. ఆల్బెర్తో తోటి పిల్లలకి అమ్మిన బూతు కథల కాగితాలు తీసి ముందు పెట్టి, ఇవి మీ ఇంట్లో చూపించమంటావా అని అడుగుతాడు. కుర్రాడు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడు.

ఆ గదిలో ఎవరూ అరవరు, ఎవరూ చెయ్యెత్తరు. అంతా మర్యాదగా జరిగిపోతుంది. నవలలో ఇదే సన్నివేశం చదివినప్పుడు మనం ఆల్బెర్తో బుర్రలో ఉంటాం. సినిమాలో ఆ గదిలో నిలబడి ఉంటాం, కుర్రాడు లొంగిపోవడం కళ్లెదుట జరుగుతుంది. గాంబోవాగా వేసిన గుస్తావో బ్వెనో ముఖం గుర్తుపెట్టుకోండి, తర్వాతి సినిమాలో పనికొస్తుంది.

ఆ సినిమా 'లా బోకా దెల్ లోబో' (తోడేలు నోరు), 1988. నా లెక్కలో లొంబార్డి తీసినవాటిలో ఇదే శిఖరం. దీనికి నవల లేదు. 1980లో 'షైనింగ్ పాత్' అనే మావోయిస్టు పార్టీ అయకూచో కొండల్లో సాయుధ పోరాటం మొదలుపెట్టింది. 1983 నవంబరు 13న అదే ప్రాంతంలోని సొక్కోస్ ఊళ్లో పెళ్లిమాటల విందు జరుగుతుండగా, 'సించీలు' అనే ప్రత్యేక పోలీసు దళం వచ్చి పడింది. ఊరివాళ్లను లోయ దగ్గరికి తీసుకెళ్లి 32 మందిని కాల్చి చంపింది. ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు వాళ్లలో. ఆ ఘటనే సినిమాకి ఆధారం. ఊరి పేరు చుస్పి అని మార్చారు. స్క్రీన్‌ప్లే రాసినవాళ్లలో ఆగుస్తో కబాదా, కవయిత్రి జొవన్నా పొల్లరోలో ముఖ్యులు. పొల్లరోలో కూడా తాక్నా మనిషే. అక్కణ్ణుంచి చాలా ఏళ్లు ఆయన సినిమాలకి ఆమే రాసింది.

కథంతా వితీన్ లూనా అనే యువ సిపాయి కళ్లతో చూస్తాం. అధికారి కావాలన్న కల ఉన్నవాడు. ఊళ్లో దళానికి శత్రువు కనిపించడు. ఠాణా మీది జెండా తెల్లారేసరికి మారిపోతుంది. గోడ మీద రాతలు ప్రత్యక్షమవుతాయి. దారిలో శవాలు దొరుకుతాయి. ఊరివాళ్లు మాట్లాడేది కెచువా, సిపాయిలకి అది రాదు. సినిమా మొత్తంలో ఒక్క గెరిల్లా ముఖం కూడా చూపించరు. మొదటి లెఫ్టినెంట్ చనిపోయాక రోకా అనే కొత్త అధికారి వస్తాడు. ఈ రోకా మళ్లీ గుస్తావో బ్వెనోనే. మూడేళ్ల ముందు న్యాయం కోసం నిలబడ్డ గాంబోవా ముఖమే ఇప్పుడు లోయ దగ్గర కాల్చమని ఆజ్ఞ ఇస్తుంది. రెండు సినిమాలూ వెంట వెంటనే చూడమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

చాలామంది ఈ సినిమాలో ఊచకోత గురించి, రష్యన్ రూలెట్ (రివాల్వర్‌లో ఒక్క తూటా పెట్టి, తలకి గురిపెట్టుకుని వంతులవారీగా పేల్చుకునే) పందెం గురించి మాట్లాడతారు. ఆ పందెం ఎలా ముగుస్తుందో నేను చెప్పను. నాకు మాత్రం సినిమాకి ఆయువుపట్టు అంతకు ముందే వస్తుంది. లూనా స్నేహితుడు గాయార్దో, ఊళ్లో కొట్టు నడిపే హూలియా అనే అమ్మాయిని చెరుస్తాడు. జరిగింది లూనాకి తెలుసు. ఆమె ఫిర్యాదు చేయడానికి వచ్చినప్పుడు రోకా లూనాని పిలిచి అడుగుతాడు. లూనా స్నేహితుడి వైపే ఉంటాడు. చిన్న అబద్ధం, ఒక్క నిమిషం పని. తర్వాత లోయ దగ్గర కాల్చనని వాడు మొండికేసినప్పుడు మనకి సంతోషం కలగదు, ఎందుకంటే మొదటిసారి వాడు ఏం చేశాడో చూశాం. మామూలు దర్శకుడు లూనాని మొదటినుంచీ మంచివాడిగా చూపించి మన చేత చప్పట్లు కొట్టించుకునేవాడు.

ఈ సినిమా యుద్ధం అయిపోయాక తీరిగ్గా తీసింది కాదు. షైనింగ్ పాత్ నాయకుడు అబిమాయెల్ గుస్మాన్ పట్టుబడింది 1992 సెప్టెంబరులో. అంటే సినిమా వచ్చిన నాలుగేళ్లకి. 2003లో సత్యశోధన కమిషన్ దాదాపు 69 వేల మంది చనిపోయారని లెక్క కట్టింది. చనిపోయినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది కెచువా, మరో స్థానిక భాషో మాతృభాషగా ఉన్నవాళ్లని తేల్చింది. అందరికంటే ఎక్కువ మందిని చంపింది షైనింగ్ పాతేనని, భద్రతా దళాల నేరాలు కూడా తక్కువేం కాదని చెప్పింది. ఆ మాటలు అధికారికంగా బయటికి రావడానికి పదిహేనేళ్ల ముందే ఒక సినిమా లీమా థియేటర్లలో ఈ సంగతి చెప్పింది, జనం చూశారు. తెలంగాణ పల్లెల్లో ఎనభైలు, తొంభైలు చూసినవాళ్లకి ఈ సినిమాని విడమరిచి చెప్పక్కర్లేదు. పగలు పోలీసులు, రాత్రి అన్నలు, మధ్యలో ఊరు. మా సొసైటీలో వేసినప్పుడు చర్చ పెరూ మీద మొదలై ఎటు వెళ్లిందో మీరు ఊహించుకోగలరు.

దీని మీద ఉన్న ఒక విమర్శతో నేను ఏకీభవిస్తాను. ఊరివాళ్లకి ఇందులో గొంతు లేదు. వాళ్లు భయపడతారు, ఏడుస్తారు, చస్తారు. హూలియాకి తప్ప ఒక్కరికీ పేరూ, మనసూ ఉన్నట్టు కనిపించదు. సిపాయిల కళ్లతో చూపించడం దర్శకుడి నిర్ణయం, దానికి కారణం ఉంది. అయినా చచ్చిపోయిన 32 మంది వైపు నుంచి చూస్తే అది చిన్న లోటు కాదు. కొండల నుంచి, వాళ్ల భాషల్లోనే వచ్చిన సినిమాలు తర్వాత ఆ లోటు తీర్చాయి. ఆస్కర్ కతకోరా 2017లో ఐమారా భాషలో తీసిన 'వినాయ్‌పాచా' దొరికితే తప్పక చూడండి.

1990లో 'కాయీదోస్ దెల్ సియెలో' (ఆకాశం నుంచి రాలినవాళ్లు) వచ్చింది. ఆ ఏడు పెరూలో ద్రవ్యోల్బణం 7,000 శాతం దాటింది. మూడు కథలు ఇందులో. రేడియోలో జనానికి ధైర్యం చెప్పే, ముఖం కాలిపోయిన ఒక అనౌన్సర్. తమ కోసం ఘనమైన సమాధి కట్టించుకోవడానికి ఆస్తి అమ్ముకునే ముసలి దంపతులు. చూపు లేని ఒక అవ్వ, తన పందిని మేపడానికి మనవలను చెత్తకుప్పల మీదికి తరుముతుంటుంది. ఈ మూడోది హూలియో రమోన్ రిబెయ్‌రో కథ. మాంట్రియల్ ఉత్సవంలో అగ్ర బహుమతి, స్పెయిన్‌లో గోయా అవార్డు దీనికి వచ్చాయి. ఇందులో ఆజ్ఞ ఇచ్చే అధికారి లేడు. ఆ స్థానంలో పేదరికం ఉంది.

ఇప్పుడు ఆ 1992 దెబ్బ. చట్టం పోయాక పెరూలో సినిమా తీయడం దాదాపు అసాధ్యమైంది. 1994లో కొత్త చట్టం వచ్చింది కానీ పోటీలు పెట్టి నిధులిచ్చే పద్ధతి నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టింది. లొంబార్డి నిలబడగలిగింది స్పెయిన్ నిర్మాతలతో, ముఖ్యంగా హెరార్దో హెర్రెరోతో, అప్పటికే పొత్తు ఉండబట్టి. దానికి చెల్లించిన మూల్యం తెర మీద కనిపిస్తుంది. కొన్ని సినిమాల్లో స్పెయిన్ నటుల్ని ఇరికించాల్సి వచ్చింది, వాళ్ల కోసం కథలో చోటు చేయాల్సి వచ్చింది. 'సిన్ కొంపసియోన్' (1994) దొస్తొయెవ్‌స్కీ 'నేరము–శిక్ష'ను లీమాకి తెచ్చిన సినిమా, కాన్ ఉత్సవంలో ప్రదర్శించారు. గౌరవించదగ్గదే కానీ నాకు బిగువు చాలలేదు. 'బాహో లా పియెల్' (1996) మాత్రం చాలా మంచి థ్రిల్లర్. ఉత్తర తీరంలో ఒక చిన్న ఊరు, ప్రాచీన మోచె నాగరికత నరబలుల్ని గుర్తుకు తెచ్చే హత్యలు, మెత్తని మనిషైన పోలీసు అధికారి. దీనికి స్పెయిన్‌లోని సాన్ సెబాస్తియన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. మెత్తని మనిషి చేతిలో అధికారం ఉంటే ఏమవుతుందో ఇందులో చూస్తారు.

'నో సె లో దిగాస్ ఆ నాదియె' (ఎవరికీ చెప్పకు), 1998, హైమే బైలీ నవల. స్వలింగ ప్రేమను దాచుకోవాల్సి వచ్చే ఒక సంపన్న కుటుంబపు కుర్రాడి కథ. లీమాలో దుమారం లేచింది. మరుసటి ఏడు 'పంతలియోన్ ఇ లాస్ విసితదోరాస్', లొంబార్డి తెరకెక్కించిన వర్గాస్ యోసా నవలల్లో రెండోది. సిపాయిల కోసం అమెజాన్ అడవుల్లో వేశ్యల 'సేవాదళం' నడపమని క్రమశిక్షణ గల ఒక కెప్టెన్‌ని సైన్యం పంపుతుంది. నవలలో 1950ల కాలం, సినిమాలో కంప్యూటర్లు వచ్చేశాయి. కెప్టెన్ గంటలూ నిమిషాలూ లెక్కగట్టి పట్టికలు తయారుచేస్తుంటాడు. నవ్వు వస్తూనే ఉంటుంది, కానీ ఇది లూనా కథే. చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు చివరికి ఏమవుతాడన్నదే. ఇదే నవలని వర్గాస్ యోసా తానే సహదర్శకుడిగా 1975లో తీశాడు, అది నిలవలేదు. లొంబార్డి సినిమా పెరూలో బ్రహ్మాండంగా ఆడింది. పంతలియోన్‌గా వేసిన సాల్వదోర్ దెల్ సోలార్ 2019లో కొన్ని నెలలు దేశ ప్రధానమంత్రిగా పనిచేశాడు.

తర్వాతివి త్వరగా చెబుతాను. 'తింతా రోహా' (2000) నేరవార్తల పత్రికలో శిక్షణకి చేరిన కుర్రాడి కథ. ముసలి రిపోర్టరుగా జియాన్‌ఫ్రాంకో బ్రెరోకి సాన్ సెబాస్తియన్‌లో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. 2000 సెప్టెంబరులో ఫుజిమోరి కుడిభుజం మోంతెసినోస్ ఒక ఎంపీకి నోట్ల కట్టలిస్తున్న వీడియో టీవీలో వచ్చి, కొద్ది నెలల్లో ప్రభుత్వం కూలింది. ఆ రోజుల మీద 'ఓహోస్ కె నో వెన్' (2003), 'మరిపోసా నెగ్రా' (2006) తీశారు. మొదటిదాంట్లో కథలు ఎక్కువై చెదిరిపోయింది. రెండోది క్వేతో నవల, హత్యకు గురైన జడ్జిని పెళ్లాడాల్సిన టీచరు ప్రతీకారం. ఆయన సినిమాల్లో ఆడవాళ్లు చాలావరకు మగవాళ్ల పరీక్షలకి సాక్షులుగా మిగిలిపోతారు. ఇక్కడ మాత్రం నిర్ణయం ఆమెదే. ఆ తర్వాతి 'ఎయా' (2010), 'దోస్ బెసోస్' (2015) చిన్నవి, మునుపటి పట్టు లేదు. అన్నట్టు, ఆయన కొన్నేళ్లు లీమా ఫుట్‌బాల్ క్లబ్ స్పోర్టింగ్ క్రిస్తాల్ అధ్యక్షుడిగా కూడా ఉన్నారు. పెరూలో కొందరికి ఆయన ముందు ఆ హోదాలోనే తెలుసు.

ఇక మొదలుపెట్టడం. మీకు నవల తెలుసు కాబట్టి 'నగరం, కుక్కలు' ముందు చూడండి, మరుసటి రోజే 'తోడేలు నోరు'. సబ్‌టైటిల్స్ సరిగ్గా లేని ప్రింట్ అయితే ఆగండి. రెండో సినిమాలో కెచువా మాటలకి సబ్‌టైటిల్ లేకపోయినా ఫర్వాలేదు, సిపాయిలకి అర్థం కానిది మనకీ అర్థం కాదు. స్పానిష్ మాటలు మాత్రం ఒక్కటి కూడా పోకూడదు. ఈ రెండూ చూశాక కాస్త తేలికపడాలనిపిస్తే 'పంతలియోన్', ఇంకా లోతుకి వెళ్లాలనిపిస్తే 'ఆకాశం నుంచి రాలినవాళ్లు', 'బాహో లా పియెల్'. జర్నలిజంలో ఉన్న స్నేహితులెవరైనా ఉంటే 'తింతా రోహా' వాళ్లతో కలిసి చూడండి, ఆ ముసలి రిపోర్టరు లాంటివాళ్లు వాళ్లకి బాగా తెలిసే ఉంటారు.